మాంటెరే, 1967: వంతు కుదిరిన కచేరీలు

(సంగీత శ్రోతల సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఒకే ఒక్క వారాంతం గురించి మాట్లాడుకుందాం. 1967 జూన్ 16, 17, 18 తేదీలు. శుక్రవారం రాత్రి మొదలై ఆదివారం రాత్రితో అయిపోయింది. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన మాంటెరే అనే ఊరుంది. అక్కడి కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో జరిగిన పాప్ సంగీతోత్సవం ఇది. ఆ మైదానంలో 1958 నుంచే ఏటా జాజ్ ఉత్సవం జరుగుతోంది. అందువల్ల వేదిక, కుర్చీలు, కంచె ముందే ఉన్నాయి. లోపల కూర్చునేవాళ్లు సుమారు ఏడు వేల మంది. టికెట్ దొరకనివాళ్లు బయట మైదానంలో కూర్చుని విన్నారు.

మొత్తం ఐదు పూటలు. శుక్రవారం రాత్రి, శనివారం మధ్యాహ్నం, రాత్రి, ఆదివారం మధ్యాహ్నం, రాత్రి. ముప్పై దాకా బృందాలు. అందులో ఇప్పటికీ జనం మాట్లాడుకునేవి నాలుగైదే. మిగతావాళ్లకు పాడటం రాదా అంటే, రాకేం? సైమన్, గార్ఫంకెల్ శుక్రవారం రాత్రి ఆఖరున పాడారు. బర్డ్స్ ఉన్నారు, బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్నారు. కళాకారుల గొప్పతనం గురించి బోలెడు రాశారు కాబట్టి నేను దాని జోలికి పోను. వంతు గురించి చెబుతాను. ఎవరి తర్వాత ఎవరు, ఏ వేళప్పుడు, ఎంతసేపు, ఏ సామానుతో వాయించారు అన్నది. సంగీతోత్సవంలో కచేరీ నిలిచేదీ కూలేదీ సగం అక్కడే.

ముందు చిన్న లెక్క వేద్దాం. ఒక పూటకు ఎనిమిది బృందాలు అనుకోండి. ఒక్కొక్కరికి ఇరవై ఐదు నిమిషాలు ఇస్తే రెండు వందల నిమిషాలు. మధ్యలో ఏడు మార్పులు. ఒక్కో మార్పుకు పదిహేను నిమిషాలు పట్టినా నూట ఐదు. అంటే మొత్తం ఐదు గంటలు దాటింది. పదిహేను నిమిషాల్లో ఏం చేయాలి? ముందు పాత బృందం డ్రమ్స్, ఆంప్లిఫయర్లు దించాలి. కొత్తవి ఎక్కించాలి. మైకులు జరపాలి. ఏ మైకు మిక్సర్‌లో ఏ ఛానల్‌కు వెళ్తోందో ఒక్కొక్కటీ కొట్టి చూడాలి. చివర్లో గొంతు మైకు. ఇందులో ఒక్క తీగ పాడైందంటే అది ఏదో వెతకడానికే ఐదు నిమిషాలు పోతుంది. ఆ ఐదు నిమిషాలూ తర్వాతివాళ్ల పద్దులో పడతాయి. అలా పడీపడీ రాత్రి చివర వచ్చేవాడి నెత్తిన గంట ఆలస్యం కూర్చుంటుంది.

ఆ రోజుల్లో పాటగాడి కాళ్ల దగ్గర పెట్టే మానిటర్ స్పీకర్లు ఇప్పటిలా మామూలు కాలేదు. చాలా చోట్ల గాయకులు తమ గొంతు తమకే వినపడక అరిచేవాళ్లు. అరిస్తే శ్రుతి పైకి పోతుంది. మాంటెరేలో ధ్వని ఏర్పాటు చూసినవాడు ఏబ్ జేకబ్. సౌండ్ చెక్ చేస్తూ బర్డ్స్ గాయకుడు డేవిడ్ క్రాస్బీ, ఇన్నాళ్లకు ఒక మంచి సౌండ్ సిస్టమ్ దొరికిందని మురిసిపోవడం ఈ ఉత్సవం మీద తీసిన డాక్యుమెంటరీలో వినిపిస్తుంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. మాంటెరే కచేరీలు ఇవాళ్టికీ వినబుద్ధి కావడానికి అది పెద్ద కారణం. పైగా అన్నిటినీ ఎనిమిది ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. గొంతు, డ్రమ్స్, గిటార్లు వేర్వేరు ట్రాకుల్లో ఉన్నాయి కాబట్టి తర్వాత తీరిగ్గా సమతూకం చేసుకునే వీలు దొరికింది.

ఇక రవిశంకర్. ఆదివారం మధ్యాహ్నం పూట మొత్తం ఆయన ఒక్కరిదే. రాక్ బృందాల మధ్య ఇరుక్కుని వాయించనని, విడిగా ఒక పూట కావాలని ఆయన పట్టుబట్టారు. మిగతా కళాకారులు దాదాపు అందరూ ప్రయాణం, బస ఖర్చులు తీసుకుని ఉచితంగా వాయించారు. రవిశంకర్‌తో మాత్రం ఉత్సవం ధర్మకార్యంగా మారకముందే ఒప్పందం కుదిరింది. మూడు వేల డాలర్లు. కొందరు దీన్ని ఎత్తిపొడుపుగా చెబుతుంటారు. నాకైతే ఆ పూటకు అది చవకే అనిపిస్తుంది.

తబలా మీద అల్లారఖా, తంబురా మీద కమలా చక్రవర్తి. ఎత్తుకున్న రాగం భీంపలాసి. మన ఆభేరికి బాగా దగ్గరిది. ఆరోహణలో రి, ధ ఉండవు. అవరోహణలో ఏడు స్వరాలూ వస్తాయి. గాంధారం, నిషాదం కోమలం. హిందుస్తానీ పద్ధతిలో రాగానికి వేళ ఉంటుంది, ఇది మధ్యాహ్నపు రాగం. అంటే ఆయన కోరుకున్న పూట, పాడే రాగం, ఆకాశంలో వెలుతురు మూడూ ఒకటయ్యాయి. అదే మనిషి అదే రాత్రి రెండు రాక్ బృందాల మధ్య అరగంట వాయించి ఉంటే ఏమయ్యేది? సితార్ శ్రుతి చేసుకోవడానికే సగం సమయం పోయేది.

అతిశయోక్తి కాదు. ఆయన వాడే తరహా సితార్‌కు పైన ఏడు తీగలు, కింద తరఫ్ తీగలు పదమూడు. మొత్తం ఇరవై. కింది తీగలు మీటేవి కావు. పైన వాయించిన స్వరానికి వాటంతట అవే స్పందించి మోగాలి. అందుకని వాటిని ఆ రాగం స్వరాలకే కలపాలి. రాగం మారితే మళ్లీ కలపాలి. ఆరుబయట ఇంకో తలనొప్పి ఉంది. మాంటెరే సముద్రం ఒడ్డు, జూన్‌లో కూడా మంచు, చలి. ఆ ఆదివారం తుంపర కూడా పడింది. ఉక్కు తీగ చల్లబడితే బిగుసుకుని శ్రుతి పెరుగుతుంది. తబలా మూత తోలు కదా, తేమ పీల్చుకుని వదులై శ్రుతి తగ్గుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. అల్లారఖా సుత్తి ఊరికే పక్కన పెట్టుకోలేదు. వాయిద్యం గూటాలను, అంచును మధ్యమధ్య కొట్టుకుంటూ ఉండకపోతే పావుగంటలో ఇద్దరి షడ్జాలూ విడిపోతాయి.

నాలుగేళ్ల తర్వాత, 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే వాయిద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానన్నారు రవిశంకర్. (నవ్వులు) మాంటెరేలో ఆ ఇబ్బంది రాలేదు, పూటంతా ఆయనదే కాబట్టి తొందర లేదు.

రెండున్నర నిమిషాల పాటలకు అలవాటు పడ్డ శ్రోతల్ని సుమారు మూడు గంటలు ఎలా కూర్చోబెట్టారు? ఆ కచేరీ ఆల్బమ్ చూస్తే తెలుస్తుంది. మొదట భీంపలాసి, తర్వాత అల్లారఖా ఏక్‌తాల్‌లో, అంటే పన్నెండు మాత్రల్లో తబలా సోలో, చివర ధున్, అంటే తేలికపాటి వరుస. బరువు మెల్లగా దించుకుంటూ పోయారు. ధున్‌లో తాళం దాద్రా నుంచి, అంటే ఆరు మాత్రల నడక నుంచి, వేగంగా సాగే పదహారు మాత్రల తీన్‌తాల్‌లోకి మారుతుంది. చివర్లో సవాల్-జవాబ్ ఉంది. సితార్ ఒక వరుస వేస్తుంది, తబలా దాన్ని తిప్పి చెబుతుంది. వరుసల నిడివి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఇద్దరూ ఒక్కటై మన తీర్మానంలాంటి తిహాయీతో సమం మీద పడతారు. రాగం పేరు తెలియని మనిషికి కూడా ఆ ఆట కళ్లకు కనబడుతుంది. అందుకే దాన్ని చివరికి దాచారు. అది మొదటే వేస్తే తర్వాత ఆలాపన ఎవడు వింటాడు?

డాక్యుమెంటరీ తీసిన డి.ఎ. పెన్నెబేకర్ చేసిన తెలివైన పని ఒకటి చెప్పాలి. రవిశంకర్ భాగంలో చాలాసేపు కళాకారుల్ని చూపించడు. సంగీతం వినిపిస్తూ శ్రోతల ముఖాలే చూపిస్తాడు. ఇంకొకటి, ఆదివారం మధ్యాహ్నం జరిగిన కచేరీని తీసుకెళ్లి సినిమా చివర పెట్టాడు. నిజానికి ఆ రాత్రి గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తర్వాత ఉత్సవాన్ని ముగించింది మామాస్ అండ్ పాపాస్ అనే బృందం. ఎడిటింగ్ బల్ల మీద కూడా వంతులు మారతాయన్నమాట. ఆ మార్పు నాకు నచ్చింది, కానీ సినిమా చూసి అసలు వరుస అదే అనుకోకండి.

శనివారం రాత్రికి వద్దాం. సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్. ఐదు పాటలు, ఇరవై నిమిషాలు. మొత్తం ఉత్సవంలో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఇది ఎంచుకుంటాను.

ఆయనకు ముందు పాడింది జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం. వెనక తెర మీద రంగులు పాకే లైట్ షో. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద గాజు పళ్లెం పెట్టి, అందులో రంగునీళ్లు, నూనె పోసి కదిలిస్తే తెర మీద ముద్దలు ముద్దలుగా ఈదుతాయి. అంతసేపు ఆ మత్తులో ఉన్న జనం ముందుకు సూట్లు వేసుకున్న మెంఫిస్ వాద్యబృందం వచ్చింది. బుకర్ టీ ఆర్గన్, స్టీవ్ క్రాపర్ గిటార్, డక్ డన్ బేస్, అల్ జాక్సన్ డ్రమ్స్. వాళ్లకు తోడు మార్-కీస్ బృందంవాళ్ల ట్రంపెట్, శాక్సఫోన్. ముందు వాళ్లే సొంతంగా కాసేపు వాయించారు. ఆ తర్వాతే ఓటిస్ వచ్చాడు.

ఇందులో కిటుకు చూడండి. ఓటిస్ వచ్చేసరికి వేదిక మీద ఏదీ మార్చాల్సిన పని లేదు. ఇందాక పదిహేను నిమిషాలు అన్నామే, ఇక్కడ అది సున్నా. వాద్యాల సమతూకం అప్పటికే కుదిరిపోయింది. వాయించేవాళ్ల చేతులు వేడెక్కాయి. పైగా ఆ వసంతంలోనే ఇదే బృందం ఓటిస్‌తో కలిసి యూరప్ అంతా తిరిగి వచ్చింది. సైగ చేయకుండానే ఎక్కడ ఆగాలో తెలుసు.

పాటల వరుస వేగం, వేగం, నెమ్మది, వేగం, ఆఖరుది నెమ్మదిగా మొదలై తారస్థాయికి చేరేది. మొదటి పాటలోనే జనంతో ఒక్క మాట పలికించాడు, ‘షేక్’ అని. రెండోది ‘రెస్పెక్ట్’. అది ఆయన 1965లో రాసి పాడిన పాటే. అయితే సరిగ్గా ఆ జూన్ నెలలో అరీతా ఫ్రాంక్లిన్ పాడిన ‘రెస్పెక్ట్’ దేశమంతా మారుమోగుతోంది. ఓటిస్ సరదాగా, తన పాటను ఒక అమ్మాయి ఎత్తుకెళ్లిందని చెప్పి మొదలుపెట్టాడు. జనానికి పాట ముందే తెలుసు, పరిచయం అక్కర్లేదు. ఇరవై నిమిషాలే ఉన్నప్పుడు అది ఎంత కలిసొస్తుందో ఆలోచించండి.

జనం చేత చప్పట్లు కొట్టించడంలో ఒక ప్రమాదం ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అరవై మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాట చేరి, అతని చప్పట్లు తిరిగి వేదికకు రావడానికి మూడో వంతు సెకను పైనే పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల పాటలో రెండు దెబ్బల మధ్య ఎడమే అర సెకను. డ్రమ్మర్ ఆ చప్పట్లను పట్టుకుని నడిచాడా, తాళం క్రమంగా కుంటుతుంది. ఇలా చాలా కచేరీలు ఈడ్చుకుపోతాయి. అల్ జాక్సన్ మాత్రం జనం ఎంత రెచ్చిపోయినా తన గడియారం తనదే అన్నట్టు కొట్టాడు. ఈ రికార్డింగు రెండోసారి వింటే గొంతును వదిలేసి డ్రమ్స్ మాత్రమే వినండి. చివరి పాట ‘ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్’లో అన్నీ మెల్లగా మొదలవుతాయి. పాట నెమ్మదిగానే సాగుతుండగా డ్రమ్ అంచు మీద టిక్కుటిక్కుమని రెట్టింపు నడక లోపల్నుంచి మొదలవుతుంది. వేగం పెరగబోతోందని మన ఒంటికి ముందే తెలిసిపోతుంది, చెవికి ఆ తర్వాత తెలుస్తుంది.

చిత్రీకరణలో లోపమా, అందమా తేల్చుకోలేనిది ఒకటుంది. నెమ్మది పాటలో కెమెరా ఓటిస్ వెనక ఉంది. ఎదుటి స్పాట్‌లైట్ నేరుగా కటకంలో పడుతుంది. ఆయన తల అడ్డొచ్చినప్పుడు చీకటి బొమ్మ, పక్కకు జరిగితే తెర మొత్తం తెల్లబారిపోతుంది. మామూలుగా అయితే పారేయాల్సిన ఫిల్మ్. ఉంచుకున్నారు, మంచి పని చేశారు. ఆ డిసెంబర్ 10న విమాన ప్రమాదంలో ఓటిస్ పోయాడు. వయసు 26.

జానిస్ జాప్లిన్ సంగతి కాస్త వేరు. ఆమె పాడే బృందం బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ శనివారం మధ్యాహ్నమే వాయించింది. జనం ఊగిపోయారు. కానీ వాళ్ల మేనేజర్ ఒప్పుకోకపోవడంతో ఆ కచేరీని సినిమా తీయలేదు. తర్వాత బృందం మనసు మార్చుకుంది, ఆదివారం రాత్రి మళ్లీ వేదిక ఎక్కించారు. ఈసారి రెండే పాటలు. మనం సినిమాలో చూసే ‘బాల్ అండ్ చెయిన్’ ఈ రెండోసారిది.

రెండోసారి పాడితే ఊపు తగ్గుతుందనుకుంటాం. ఇక్కడ అలా కాలేదు, కారణాలున్నాయి. నిడివి తగ్గింది కాబట్టి మిగిలింది బలమైన సరుకే. ఆమె గొంతు గుసగుస నుంచి కేక దాకా ఒక్క ఊపిరిలో పోతుంది, సౌండ్ చూసేవాడికి అది మొదటిసారి షాక్. గొంతుకూ మైకుకూ మధ్య దూరం సగానికి తగ్గితే మట్టం సుమారు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. కేక వేసే గాయని వెనక్కి జరగకపోతే మైకు ఆంప్లిఫయర్ పగిలినట్టు మోగుతుంది. ఒకసారి విన్నవాళ్లకు రెండోసారి ఎక్కడ తగ్గించుకోవాలో తెలుస్తుంది. పాట మధ్యలో వాద్యాలన్నీ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోట్లు గమనించండి. ఆ ఖాళీలో వేదిక మీద ఏ కరకర శబ్దమూ లేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న గాయని కాస్ ఎలియట్ నోరెళ్లబెట్టి ‘వావ్’ అనడం, జానిస్ పాట కాగానే చిన్నపిల్లలా గెంతుకుంటూ లోపలికి పోవడం సినిమాలో ఉన్నాయి.

మిగతావాళ్ల గురించి రెండు ముక్కలు. బర్డ్స్ వంతులో క్రాస్బీ పాటల మధ్య ఉపన్యాసాలిచ్చాడు, కెనెడీ హత్య మీద, ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు మీద. తోటివాళ్ల ముఖాలు మాడిపోయాయి. ఇరవై ఐదు నిమిషాల వంతులో రెండు నిమిషాల మాటలంటే ఒక పాట పోయినట్టే. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ పాడిన ఒక నెమ్మది పాటలో కెమెరా అంతసేపూ గ్రేస్ స్లిక్ ముఖం మీదే ఉంటుంది. వినిపించే ముఖ్య గొంతు మాత్రం మార్టీ బాలిన్‌ది. ఆ దృశ్యం చూసి ఆమే పాడిందని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

ఆదివారం రాత్రి అసలు పేచీ ఎవరు ముందు అన్నది. ది హూ బృందం చివర్లో గిటార్లు పగలగొడుతుంది. హెండ్రిక్స్ కూడా అలాంటిదేదో చేస్తాడని వాళ్లకు తెలుసు. ఒకరి తర్వాత ఇంకొకరు చేస్తే రెండోవాడు కాపీకొట్టినట్టు ఉంటుంది. హూ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్, హెండ్రిక్స్ ఇద్దరూ పట్టువిడవలేదు. నిర్వాహకుడు జాన్ ఫిలిప్స్ నాణెం ఎగరేశాడు. హూ ముందు వాయించాలని తేలింది.

హూ వాళ్లు తమ పెద్ద ఆంప్లిఫయర్లను ఇంగ్లండ్‌లోనే వదిలి, ఇక్కడ అద్దెకు తీసుకున్న వోక్స్ కంపెనీ ఆంప్లిఫయర్లతో వాయించారు. వాళ్లకు అలవాటైన మందం ఆ ధ్వనిలో లేదు. వేరేవాళ్ల ఆంప్లిఫయర్‌తో గిటారిస్టుకు మొదటి రెండు పాటలూ కొలతలు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. దానికి తగ్గట్టు చివరి విధ్వంసం మీద ఎక్కువ భారం పడింది. పొగ, విరిగిన గిటార్, తన్నేసిన డ్రమ్స్. వాటి మధ్య మైకులు కాపాడుకోవడానికి వేదిక పనివాళ్లు పరుగులు పెట్టడం చూడొచ్చు. ఆ మైకుల మీద ఇంకా మూడు బృందాలు పాడాలి మరి.

తర్వాతి వంతు గ్రేట్‌ఫుల్ డెడ్‌ది. పాపం, ఆ రాత్రి అంతకన్నా చెడ్డ చోటు లేదు. ముందు పొగ, వెనక మంట. వాళ్లవి మెల్లగా అల్లుకుపోయే పొడవాటి పాటలు. దానికి తోడు వాళ్లు వాయిస్తుండగా మంకీస్ బృందానికి చెందిన పీటర్ టోర్క్ వేదిక మీదకొచ్చి, బీటిల్స్ ఇక్కడ లేరు, కంచెలు దూకకండి అని జనానికి సర్దిచెప్పబోయాడు. రవిశంకర్ విడిగా పూట ఎందుకడిగారో ఇది చూస్తే అర్థమవుతుంది.

హెండ్రిక్స్‌ను పరిచయం చేసింది రోలింగ్ స్టోన్స్ బృందపు బ్రయాన్ జోన్స్. తొమ్మిది పాటలు. బేస్ నోయెల్ రెడ్డింగ్, డ్రమ్స్ మిచ్ మిచెల్. అమెరికావాడే అయినా ఇంగ్లండ్ వెళ్లి పేరు తెచ్చుకుని వచ్చాడు, సొంతగడ్డ మీద చాలామందికి ఇదే మొదటి చూపు. అందరూ మంట గురించి చెబుతారు. నన్నడిగితే మంటకు ముందున్న అరగంటే కచేరీ. మొదటి పాట ‘కిల్లింగ్ ఫ్లోర్’ను అంత వేగంలో ఎత్తుకుని, తాళం కొట్టే చెయ్యి ఆపకుండానే మధ్యలో స్వరాలు విదిలించడం చూడండి. బాబ్ డిలన్ పాటలో ఒక చరణం ఎగిరిపోయింది. అవును, ఒక చరణం వదిలేశాను, ఫరవాలేదు అని పాట మధ్యలోనే నవ్వేసి ముందుకు పోయాడు. తాళం చెక్కుచెదరలేదు.

ఆయన ఎడమచేతివాటం మనిషి. కుడిచేతివాళ్ల కోసం చేసిన స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను తలకిందులు చేసి, తీగలు మార్చి కట్టుకున్నాడు. అప్పుడు శ్రుతి ఊపే మీట, బొత్తాలు పైవైపుకొస్తాయి. ఆఖరి పాట ‘వైల్డ్ థింగ్’ మొదట్లో వినిపించే కేకలు, మూలుగులు ఆ మీటతో, ఫీడ్‌బ్యాక్‌తో పుట్టినవే. తీగ కదలికను పికప్ పసిగట్టి ఆంప్లిఫయర్‌కు పంపుతుంది. స్పీకర్ శబ్దం గట్టిగా ఉంటే అదే వచ్చి తీగను మళ్లీ కదిలిస్తుంది. అలా చక్రం తిరుగుతూ స్వరం ఆగకుండా మోగుతుంది. స్పీకర్‌కు ఎంత దూరంలో, ఏ కోణంలో నిలబడితే ఏ స్వరం లేస్తుందో వాయించేవాడికి తెలియాలి. తెలియనివాడి చేతిలో అది చెవులు పగిలే కీచుమోత, అంతే.

మంటకు కూడా ఏర్పాటుంది. అప్పటిదాకా వాయించిన నల్ల గిటార్ పక్కన పెట్టి, చివరి పాటకు తన చేత్తో రంగులు వేసిన గిటార్ తీసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని లైటర్‌లో పోసే ద్రవం చల్లి, పుల్ల గీశాడు. అదేమీ అప్పటికప్పుడు తట్టింది కాదు. మార్చి 31న లండన్‌లో ఒకసారి చేసి చూశాడు. వేడికి ఉక్కు తీగ సాగి శ్రుతి జారిపోతుంది, పికప్‌లు మాత్రం ఇంకా పనిచేస్తుంటాయి. ఆ సమయంలో వినిపించే మూలుగులో కొంత అదే. తర్వాత గిటార్‌ను నేలకు కొట్టి ముక్కలు జనంలోకి విసిరాడు. వాయిద్యాన్ని తగలబెట్టడం చూసి రవిశంకర్ బాధపడ్డారు, ఆ మాట దాచుకోలేదు కూడా. ఆ రాత్రి దాన్ని అనుసరించి పాడాల్సి వచ్చింది మామాస్ అండ్ పాపాస్. వాళ్లది గొంతులు కలిపి పాడే మెత్తని సంగీతం. కార్యక్రమం వేసిందే వాళ్ల జాన్ ఫిలిప్స్. తన వంతును తానే పాడుచేసుకున్నాడు.

(సభలోంచి ఒక ప్రశ్న: ఇవన్నీ పూర్తిగా దొరుకుతాయా? సినిమాలో ఒక్కొక్కరివి ఒకటి రెండు పాటలే ఉన్నాయి కదా?)

అవునండీ. 16 మిల్లీమీటర్ల కెమెరాలో నాలుగు వందల అడుగుల చుట్ట వేస్తే పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ముప్పై బృందాలను పూర్తిగా తీయడం కుదరదు, ముందే ఎంచుకుని తీశారు. 1968లో వచ్చిన సినిమాలో అందుకే ముక్కలుంటాయి. హెండ్రిక్స్, ఓటిస్ కచేరీలు 1970లో ఒకే ఎల్పీలో చెరో వైపు వచ్చాయి. 2002లో క్రైటీరియన్ సంస్థ తెచ్చిన డీవీడీల పెట్టెలో ఈ ఇద్దరి భాగాలు విడిగా, సినిమాలో చేరని పాటలు వేరుగా ఉన్నాయి. రవిశంకర్‌కు ఆల్బమ్ ఉంది, మూడు గంటలూ అందులో లేవు.

ఇంట్లో వినేటప్పుడు చిన్న సలహా. ఆదివారాన్ని జరిగిన వరుసలోనే వినండి. మధ్యాహ్నం భీంపలాసి, రాత్రి జానిస్, హూ, హెండ్రిక్స్, చివర మామాస్ అండ్ పాపాస్. భీంపలాసిలో తబలా రావడానికి చాలాసేపు పడుతుంది, ముందుకు జరపకండి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆలాపనలో తరఫ్ తీగల మోత విడిగా వినిపిస్తుంది, స్పీకర్లలో అది సగం పోతుంది.